గబ్బిలం ఎందుకు శుభం?

మన సంఘంలో యీమధ్య ఒక వాదం బలపడుతోంది. పిల్లలకు సంస్కృతి కావాలి, భాష లేకపోయినా ఫరవాలేదు అని. ఆదివారం తెలుగు తరగతికి యిస్తున్న గంటన్నరను అరగంటకు కుదించి, మిగిలిన గంటను నాట్యానికీ ముగ్గులకూ పండుగ అలంకరణలకూ కేటాయించాలన్న ప్రతిపాదన కార్యవర్గం ముందు వుంది. దాన్ని సమర్థించేవారు చెప్పే కారణం వినడానికి బాగానే వుంటుంది. "బొమ్మకు భాషతో పనేముందండీ? పద్మం ఎక్కడైనా పద్మమే, పూర్ణకుంభం ఎక్కడైనా పూర్ణకుంభమే. ప్రతీకలు కంటికి అర్థమవుతాయి, చెవితో పనిలేదు" అంటున్నారు.

యీ మాట తప్పు. తప్పని రుజువు చేయడానికి నేను తెచ్చే సాక్ష్యం మన దేశానిది కాదు. మనదైతే అభిమానంతో మాట్లాడుతున్నానంటారు. అందుకని చైనానుంచి తెస్తాను. అరచేతిలో యిమిడే పాతకాలపు ముక్కుపొడి బుడ్డీలే నా సాక్షులు. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలోనూ లండన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలోనూ యివి వున్నాయి. చూసినవాళ్ళంతా "ఎంత ముద్దుగా వున్నాయో!" అనుకుంటూ దాటిపోతారు. ఒక్కక్షణం ఆగి చూడవలసినవి.

డాక్టరుకు ముక్కుపొడి బుడ్డీలతో పనేమిటంటారా? ముక్కుపొడి చైనాలో గౌరవం సంపాదించుకున్నది చాలావరకు మందుగానే. పొగాకు 16వ శతాబ్దం చివరిభాగంలో ఆ దేశం చేరింది. దాన్ని పొడిచేసి పీల్చే అలవాటును ఐరోపానుంచి వచ్చిన పాదిరీలు, వర్తకులు తెచ్చారు. తలనొప్పికీ పడిశానికీ మంచిదని వాడారు. (లండన్‌లో జాన్ హిల్ అనే వైద్యుడు 1761లోనే యీ పొడి అతిగా పీల్చినవారి ముక్కుల్లో పుట్టిన కణుతులగురించి హెచ్చరించాడు. ఆ సంగతి మరో వ్యాసానికి వదిలేద్దాం.) ఐరోపావాళ్ళు పొడిని డబ్బాల్లో పెట్టుకునేవారు. మన తాతలూ పొడుం డబ్బాలే వాడారు. చైనాలోని తేమగాలికి డబ్బాలో పొడి ముద్ద కట్టేది. వాళ్ళకు అప్పటికే మందులు పోసుకునే చిన్న బుడ్డీలు వుండేవి. బెండు బిరడా, దానికి అతికిన సన్నని చెంచా పెడితే పొడి పొడిగానే వుంటుంది. అలా పుట్టిందీ బుడ్డి. కాంగ్‌షీ చక్రవర్తి 1696లో రాజప్రాసాదానికి అనుబంధంగా గాజు కర్మాగారం పెట్టించాడు. దాన్ని నిలబెట్టినవాడు కీలియన్ స్టుంఫ్ అనే జర్మన్ పాదిరీ. చియెన్‌లుంగ్ కాలానికి (1736–1795) గాజు, పింగాణీ, పచ్చరాయి, అగేటు రాయి, దంతం, పగడం, దేనితోపడితే దానితో బుడ్డీలు చేశారు. ఉన్నతోద్యోగి నడుముకో, చొక్కా చేతి మడతలోనో ఒక బుడ్డి వుండేది. స్నేహితుడు ఎదురైతే తీసి అందించడం మర్యాద. పుట్టినరోజుకు, పదవి వచ్చినందుకు, పరీక్ష పాసయినందుకు యిచ్చే కానుక కూడా అదే.

యిక బొమ్మల సంగతి.

బుడ్డీలమీద అతి తరచుగా కనిపించే జీవి గబ్బిలం. మనకు గబ్బిలం పేరు చెబితే యింట్లోకి దూరితే అరిష్టమన్న భయం గుర్తొస్తుంది, లేదా 1941నాటి జాషువాగారి కావ్యం గుర్తొస్తుంది. ఐరోపావాళ్ళకు అది దయ్యాలకు తోడు. మరి చైనావాడు దాన్ని పుట్టినరోజు కానుకమీద ఎందుకు చెక్కాడు? మ్యూజియంలో పక్కనున్న చీటీ చూస్తే "గబ్బిలం — శుభానికి చిహ్నం" అని వుంటుంది. అంతే. జ్వరం వచ్చిన మనిషిని చూసి "జ్వరం వచ్చింది" అని చెప్పి ఫీజు పుచ్చుకునే వైద్యుణ్ణి ఎవరైనా మెచ్చుతారా? ఎందుకు వచ్చిందో చెప్పాలి.

కారణం గబ్బిలంలో లేదు. దాని రెక్కల్లో లేదు, తలకిందులుగా వేలాడటంలో లేదు, ఏ వేదాంతంలోనూ లేదు. కారణం దాని పేరులో వుంది. చైనా భాషలో గబ్బిలం పేరులో వచ్చే అక్షరం "ఫు". అదృష్టం, శుభం అన్న మాట కూడా "ఫు". ఆ భాషలో ఒకే అక్షరాన్ని వేరువేరు స్వరాల్లో పలికితే వేరువేరు మాటలవుతాయి. యీ రెంటికీ స్వరం కూడా ఒకటే. చెవికి తేడా లేదు. కనుక గబ్బిలం బొమ్మ వేస్తే "శుభం" అని పలికినట్టే. అయిదు గబ్బిలాలు వేస్తే "పంచ శుభాలు": దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యం, సద్గుణం, సుఖ మరణం. గబ్బిలానికి ఎర్రరంగు ఎందుకు వేశాడు? ఎరుపు అన్న మాట "హుంగ్", అపారం అన్న మాట కూడా "హుంగ్". ఎర్ర గబ్బిలమంటే అపార శుభం. తలకిందులుగా ఎందుకు గీశాడు? తలకిందులు "తావ్", వచ్చి చేరడం కూడా "తావ్". శుభం యింటికి వచ్చేసిందని. తెల్లగాజు బుడ్డిపై ఎర్రగాజు పొర పోసి, ఆ పొరను చెక్కి, మబ్బుల మధ్య ఎర్ర గబ్బిలాలను నిలబెట్టిన పనివాడు రంగు చక్కదనంకోసమే ఎరుపు ఎన్నుకున్నాడనుకుంటే అతను చెప్పిన మాటలో సగం మనకు వినబడలేదన్నమాట.

మనకు శ్లేష కొత్త కాదు. ఒకే పద్యంలో రామకథనూ భారతకథనూ నడిపిన పింగళి సూరన రాఘవపాండవీయం మనకు వుంది. కాని సూరన శ్లేష మాటనుంచి మాటకు. చైనా పనివాడి శ్లేష బొమ్మనుంచి మాటకు. మన భాషలో అలాంటిది ఒకటి వూహించండి. అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటున్నప్పుడు తమ్ముడికి ఒక పాలచెంబు బొమ్మ గీసి పంపారనుకోండి: "నీ పాలు నీకు దక్కుతుంది" అని. తెలుగువాడు నవ్వుతాడు. తెలుగు రానివాడు యిది ధేనుపూజకు సంబంధించిన ప్రతీక అని వ్యాసం రాస్తాడు.

అలాంటి వ్యాసాలు చైనా బొమ్మలమీద కావలసినన్ని వచ్చాయి. అందుకే మరికొన్ని బుడ్డీలు తిప్పి చూద్దాం. ప్రతిదాన్నీ ముందు మన కంటితో, తరువాత వాళ్ళ చెవితో.

గుర్రంమీద కోతి కూర్చున్న బొమ్మ. మన కంటికి ఆంజనేయస్వామి గుర్తొస్తాడు, చెయ్యెత్తి దండం పెడతాం. చైనా చెవికి: "మా షాంగ్" అంటే గుర్రంమీద అని ఒక అర్థం, వెంటనే అని మరో అర్థం. కోతి "హౌ", పెద్ద బిరుదున్న ప్రభువు కూడా "హౌ". "మీరు తక్షణం ప్రభువు కావాలి" అని ఉద్యోగికి చెప్పే శుభాకాంక్ష. పక్కనే ఒక తేనెటీగ ఎగురుతుంటే యింకా మంచిది. తేనెటీగ "ఫెంగ్", బిరుదు యివ్వడం కూడా "ఫెంగ్".

ఏనుగు వీపుమీద కలశం. మనకు ఏనుగంటే వినాయకుడు, గజలక్ష్మి. కలశమంటే పూర్ణఘటం, అమరావతి శిల్పాల్లో వున్నది, ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో వున్నది. నిండిన కుండ కనుక సమృద్ధి. కాని చైనా కలశం నిండినదా, ఖాళీదా అన్న ప్రశ్నే లేదు. కలశం "పింగ్", శాంతి కూడా "పింగ్". ఏనుగు "శ్యాంగ్", సూచన కూడా "శ్యాంగ్". "లోకంలో శాంతి సూచనలు కనబడుతున్నాయి" అన్న వాక్యం అది. ఒకే కలశం, మన దగ్గర నిండుదనం చెబుతుంది, వాళ్ళ దగ్గర శాంతి చెబుతుంది. "పూర్ణకుంభం ఎక్కడైనా పూర్ణకుంభమే" అన్నవారు యీ బుడ్డి ముందు కాసేపు నిలబడాలి.

సీతాకోకచిలుకను చూస్తున్న పిల్లి. కంటికి ముచ్చటైన ఆట. చెవికి పిల్లి "మావ్", సీతాకోకచిలుక "త్యే". డెబ్బై దాటి తొంభైదాకా సాగే పండు వయసును "మావ్‌త్యే" అంటారు. పిల్లి మాటకు స్వరం కొంచెం మారుతుంది గాని చెవి సర్దుకుంటుంది. తాతగారి పుట్టినరోజుకు యివ్వవలసిన బుడ్డి యిది.

తామరల మధ్య ఒంటికొంగ. యిది మనవాళ్ళకు ఎక్కువ నచ్చుతుంది. కొంగ "లు", దారి కూడా "లు". తామర "ల్యెన్", వరుసగా అన్నమాట కూడా "ల్యెన్". "దారి పొడుగునా వరుసగా పరీక్షలు గెలవాలి" అని. రాజోద్యోగానికి పరీక్షలు రాయబోయే కుర్రవాడికి యిచ్చేవారు. ఆ పరీక్షలను 1905లో రద్దు చేశారు. పరీక్షలు పోయాయి, కొంగ మిగిలింది. భాష రానివాడికి అది ఒట్టి చెరువు దృశ్యం. అందులోని తామరను చూసి మనం బురదలో పుట్టినా బురద అంటని పవిత్రత అని ఉపన్యసించగలం. బౌద్ధ సందర్భంలో చైనావాడికీ ఆ అర్థం తెలుసు. కాని పక్కన కొంగ నిలబడిందంటే అక్కడి తామర మాట్లాడేది వేరే సంగతి.

నాకు ఎదురుచెప్పేవారు పట్టుకోదగ్గ విషయాలు మూడున్నాయి. వారికంటే ముందు నేనే చెబుతాను.

మొదటిది. బుడ్డీలమీద అన్నీ శ్లేషలే కావు. పీచ్ పండు దీర్ఘాయువు కావడానికి కారణం పశ్చిమ దేవమాత తోటలో వేల ఏళ్ళకొకసారి పండే పండ్ల కథ. దానిమ్మ సంతానం కావడానికి కారణం లోపలి గింజలు. పైన్ చెట్టు చలికాలంలోనూ పచ్చగా వుంటుంది కనుక అది నిలకడకు గుర్తు. గబ్బిలం విషయంలోనూ, నాలుగో శతాబ్దంలో కో హుంగ్ అనే గ్రంథకర్త వెయ్యేళ్ళు బతికిన తెల్ల గబ్బిలంగురించి రాశాడు. నిజమే. అందుకనే నా వాదం బలపడుతుంది. కథను ఏ భాషలోనైనా చెప్పవచ్చు. దానిమ్మ గింజలను ఎవరైనా లెక్కపెట్టవచ్చు. ఉగాది పచ్చడిలో ఆరు రుచులెందుకో ఇంగ్లీషులో చెప్పినా పిల్లవాడికి తెలుస్తుంది. కాని గబ్బిలం పక్కన చేప, చేప పక్కన కలశం, కలశం పక్కన కొంగ వరుసగా నిలబడినప్పుడు వాటిని కలిపే దారం కథ కాదు, ధ్వని. ఆ దారం సరిహద్దు దాటదు. సంస్కృతిలో అనువాదమయ్యే భాగం ఒకటి, కానిది ఒకటి వున్నాయి. కానిదాన్ని వదిలేసి, అయినదాన్ని చూపించి, యిదే మొత్తం అనడమే మోసం.

రెండవది. పుస్తకాలున్నాయి కదా? వున్నాయి. వోల్‌ఫ్రామ్ ఎబెర్‌హార్ట్ 1983లో జర్మన్‌లో చైనా ప్రతీకల నిఘంటువు వేశాడు, అందులో యీ ధ్వనిసామ్యాలను వివరించాడు. శాన్‌ఫ్రాన్సిస్కో ఆసియా కళా మ్యూజియం 2006లో టెరీస్ ట్సే బార్తలోమ్యూ గారి పుస్తకం ప్రచురించింది. అవి అక్కరకొచ్చే పుస్తకాలు. కాని నేను శవపరీక్షలు చూసినవాణ్ణి. బల్లమీద అన్ని అవయవాలూ వుంటాయి, ప్రాణం తప్ప. ఆనాడు బుడ్డి అందుకున్న అతిథికి పుస్తకం అక్కర్లేదు. అందుకున్నాడు, చూశాడు, పెదవి కదిలింది, నవ్వాడు. ఆ నవ్వుకు పట్టిన అర నిమిషంలోనే యిచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య స్నేహం వుంది. వివరణ చదివి తలూపడం మరో రకం పని. చమత్కారాన్ని విడమరిచి చెప్పించుకున్నవాడు అతిథి కాడు, పరిశీలకుడు. మన పిల్లలు మన యింట్లో పరిశీలకులుగా మిగలాలని ఎవరు కోరుకుంటారు?

మూడవది కాస్త గట్టిది. "భాష పోయినా జాతి నిలుస్తుంది కదా?" అంటారు. యీ బుడ్డీలను చేయించిన ప్రభువులనే చూద్దాం. 1644నుంచి 1912వరకు చైనాను పాలించిన చింగ్ వంశంవారు చైనీయులు కారు, మంచూలు. వారి భాష వేరు, లిపి వేరు. మంచూ భాషలో శుభాన్ని "హూతురి" అంటారు. గబ్బిలం పేరుతో దానికి ఏ పోలికా లేదు. అంటే చక్రవర్తి కర్మాగారంలో, చక్రవర్తి డబ్బుతో తయారైన బుడ్డీమీది గబ్బిలం చక్రవర్తి తాతల భాషలో మాట్లాడలేదు, పాలితుల భాషలో మాట్లాడింది! మంచూలు తమ వేషం కాపాడుకున్నారు. విలువిద్య కాపాడుకున్నారు. దేశంలోని మగవాళ్ళందరిచేతా తమ పద్ధతిలో జడ వేయించారు. పదవులు వారివే, ధనం వారిదే. భాష మాత్రం జారిపోయింది. తనవాళ్ళు మంచూ మరచిపోతున్నారని చియెన్‌లుంగ్ చక్రవర్తి 18వ శతాబ్దంలోనే మందలించాడు. చక్రవర్తి మందలింపు కూడా పనిచేయలేదు. యివాళ మంచూలమని చెప్పుకునేవారు చైనాలో కోటికి పైగా వున్నారు. మంచూ మాతృభాషగా మాట్లాడగలిగినవారు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతమంది వృద్ధులు. అధికారమూ ఐశ్వర్యమూ వున్న జాతికే యిలా అయితే, మంచి ఉద్యోగాలూ పెద్ద యిళ్ళూ మాత్రమే వున్న మనకు ఏమవుతుంది?

దీనికి మరో వైపు కూడా వుంది. 1764లో అదే చియెన్‌లుంగ్ మంచూరియానుంచి శిబె అనే చిన్న తెగకు చెందిన సుమారు వెయ్యిమంది సైనికులను, వారి కుటుంబాలతోసహా, వేల మైళ్ళ దూరాన పడమటి సరిహద్దులోని ఇలీ లోయకు కాపలాకు పంపాడు. అలా వలసపోయినవాళ్ళ సంతతి మంచూకు అతి దగ్గరి భాషను నేటికీ మాట్లాడుతున్నారు. 1946లో ఆ భాషలో ఒక పత్రిక కూడా పెట్టుకున్నారు. రాజధానిలో సింహాసనంమీద కూర్చున్నవారు పోగొట్టుకున్నదాన్ని పరాయి ఎడారి అంచున కాపలా కాసినవారు నిలుపుకున్నారు. కనుక "వలస వచ్చాం, యింకేం చేస్తాం" అన్న మాట నా దగ్గర చెల్లదు. వలస వ్యాధికి కారణం కాదు. యింట్లో మాట్లాడకపోవడమే కారణం.

యిప్పుడు మన నాట్యం సంగతి. మాటలు తీసేసి అభినయం నేర్పిద్దామంటున్నారు. కూచిపూడి సంప్రదాయంలో నర్తకి ఆడటమే కాదు, పాత్రగా మాట్లాడుతుంది కూడా. భామాకలాపంలో సత్యభామ ఎత్తిపొడుపులు అర్థంకాని పిల్ల కనుబొమలు సరిగ్గానే ఎగరేస్తుంది. ఎందుకు ఎగరేస్తోందో ఆమెకు తెలియదు. ముందు వరుసలో కూర్చున్న మనం చప్పట్లు కొడతాం. ఆ పిల్ల మన కళ్ళముందు తిరుగుతున్న ఎర్ర గబ్బిలం. అందంగా వుంటుంది, ఏమీ పలకదు. తప్పు ఆ పిల్లది కాదు, చప్పట్లు కొట్టినవాళ్ళది.

నాట్యం వద్దనడం లేదు. ముగ్గులు వద్దనడం లేదు. నా ప్రతిపాదనలు యివి. తెలుగు తరగతి గంటన్నరా అలాగే వుండాలి. అందులో అక్షరాలతోపాటు పొడుపుకథలు, సామెతలు, శ్లేషలు చెప్పాలి. పిల్లలను భాషకు కట్టేసేది వ్యాకరణంకంటే చమత్కారమే. నాట్యం నేర్పే ప్రతి పదానికీ అర్థం తెలుగులో చెప్పించిన తరువాతనే అడుగు వేయించాలి. యివన్నీ వారానికొక్కరోజు సంగతులు. మిగిలిన ఆరు రోజులూ యింట్లో కనీసం రాత్రి భోజనాల దగ్గరైనా అమ్మానాన్నలు పిల్లలతో తెలుగులో మాట్లాడాలి. చివరిది కష్టమని నాకు తెలుసు. రెండు డ్యూటీలు చేసి వచ్చిన రాత్రి ఏ భాషలోనూ మాట్లాడాలనిపించదు. కాని అది మందు చేదుగా వుందన్న ఫిర్యాదులాంటిది. అందుకని మోతాదు తగ్గించం.

వచ్చే సర్వసభ్య సమావేశంలో యీ విషయం ఓటుకు వస్తుంది. సమయం తగ్గించాలన్నవారిని నేను అడగబోయే ప్రశ్న ఒకటే. మీ అమ్మగారు మీ అబ్బాయితో ఒక హాస్యమాడితే వాడు నవ్వగలడా? నవ్వలేడంటే, మీరు వాడికి యిచ్చానంటున్న సంస్కృతి పక్కన చీటీ అతికించిన బొమ్మ మాత్రమే. చీటీ రాయడానికి మీరున్నన్నాళ్ళు మీరుంటారు. తరువాత ఎవరు రాస్తారో ఆలోచించి ఓటు వేయండి.